సొమ్ము మనది, పెత్తనం ఎవరిది?

హైదరాబాద్ అబిడ్స్‌లోని జగదీశ్ మార్కెట్‌లో మిట్టమధ్యాహ్నం కూడా భుజాలు రాసుకోకుండా నడవలేం. దారికి రెండు వైపులా ఇరుకిరుకు మొబైల్ షాపులు. అద్దాల కౌంటర్ వెనక ఓ స్టూలు, మైక్రోస్కోపు, వేడిగాలి ఊదే గన్ను, సన్నటి ట్వీజరు, ప్లాస్టిక్ కవర్లలో విడివిడిగా ఫోన్ల అవయవాలు. ఎక్కడా బాగుపడని ఫోన్ ఇక్కడ బాగుపడుతుందని నగరంలో చాలామందికి నమ్మకం.

ఇలాంటి కౌంటర్ల దగ్గర తరచూ నడిచే సంభాషణ ఒకటుంది. ఖరీదైన ఫోన్ కింద పడి డిస్‌ప్లే పగులుతుంది. బోర్డు పోయిన అదే మోడల్ ఫోన్ నుంచి తీసిన డిస్‌ప్లేను మెకానిక్ దీనికి బిగిస్తాడు. టచ్ పనిచేస్తుంది, రంగులూ బాగానే ఉంటాయి. కానీ ఫోన్ ఆన్ కాగానే ఓ హెచ్చరిక వస్తుంది: ఈ డిస్‌ప్లే అసలుదో కాదో తేల్చుకోలేకపోతున్నామని.

‘‘ఏందన్నా, డూప్లికేట్ ఏసినవా?’’

‘‘ఒట్టన్నా, ఇదీ కంపెనీదే. ఇంకో ఫోన్ల నుంచి తీసిన. ఏ స్క్రీన్ ఏ ఫోన్‌దో లోపల నంబర్ ఉంటది. అది కలవకపోతే గిట్లనే అంటది.’’

మెసేజ్ పోవాలంటే పాత డిస్‌ప్లే మీదున్న చిన్న ఐసీని ఊడదీసి కొత్తదానికి అతికించాలి. బియ్యపు గింజంత ముక్క. వేడి కాస్త ఎక్కువైతే రెండూ పోతాయి. ‘‘దానికి పైసలు వేరే అయితయన్నా’’ అంటాడు మెకానిక్.

విడిభాగాన్ని ఫోన్‌తో ముడివేసే ఈ పద్ధతి దొంగచాటు వ్యవహారమేమీ కాదు. ఐఫోన్ 11తో, అంటే 2019 నుంచి, మార్చిన డిస్‌ప్లేను గుర్తుపట్టి హెచ్చరించడం ఆపిల్ మొదలుపెట్టింది. 2021లో ఐఫోన్ 13 వచ్చినప్పుడు బయటి షాపులో స్క్రీన్ మారిస్తే ఫేస్ ఐడీయే పనిచేయడం మానేసింది. గొడవ పెద్దదయ్యాక కంపెనీ ఆ ముడి విప్పింది. వాడిన అసలు విడిభాగాలను కూడా కొత్త మోడళ్లలో బిగించుకునే వీలు ఇస్తామని 2024లో ప్రకటించింది. మూడుసార్లూ ఫోన్ యజమాని చేతిలోనే ఉంది. దాని ప్రవర్తన మాత్రం వేల మైళ్ల దూరంలో తీసుకున్న నిర్ణయాన్ని బట్టి మారుతూ వచ్చింది.

ఒక తరం వెనక్కి వెళితే కొనడం అంటే ఇంత చిక్కు లేదు. మిక్సీ అయినా, సీలింగ్ ఫ్యానైనా, స్కూటరైనా బిల్లు కట్టిన రోజుతో కంపెనీకీ మనకూ రుణం తీరిపోయేది. వారంటీ కార్డు బీరువాలో పడేసేవాళ్లు, మళ్లీ దాని మొహం చూసేవాళ్లు కాదు. పొలంలో మోటారు కాలిపోతే వైండింగ్ షాపుకు మోసుకెళ్లేవాళ్లు. రాగి తీగ కొత్తగా చుట్టించుకుని మర్నాటికి బావిలో దించేవాళ్లు. ఎవరు చుట్టారు, ఎక్కడి తీగ వాడారు అని మోటారు అడిగేది కాదు.

ఇప్పుడు వస్తువు లోపల సాఫ్ట్‌వేర్ చేరింది. ఫోన్‌లోనే కాదు, టీవీలో, వాషింగ్ మెషీన్‌లో, కారులో, ట్రాక్టర్‌లో కూడా. వస్తువును అమ్ముతారు గానీ ఆ సాఫ్ట్‌వేర్‌ను అమ్మరు; వాడుకోవడానికి అనుమతి ఇస్తారు. మొదటిసారి ఆన్ చేసినప్పుడు చదవకుండా ‘అంగీకరిస్తున్నాను’ అని నొక్కేది ఆ అనుమతి పత్రం మీదే. డబ్బాకు యజమానులం, డబ్బాను నడిపించే ప్రోగ్రాముకు అద్దెకున్నవాళ్లం.

అద్దెకున్నవాడి పరిస్థితి ఎలా ఉంటుందో 2009 జులైలో అమెరికాలో కొందరు పుస్తకప్రియులకు అర్థమైంది. అమెజాన్ కిండిల్‌లో డబ్బిచ్చి కొనుక్కున్న పుస్తకాలు రాత్రికి రాత్రి మాయమయ్యాయి. వాటిని అమ్మకానికి పెట్టిన ప్రచురణకర్తకు హక్కులు లేవని తేలడంతో, కంపెనీ తన సర్వర్ల నుంచి తీసేయడమే కాకుండా పాఠకుల చేతిలోని పరికరాల్లోంచి కూడా చెరిపేసింది. డబ్బు వాపసు ఇచ్చింది. ఆ పుస్తకాలు జార్జ్ ఆర్వెల్ ‘1984’, ‘యానిమల్ ఫామ్’ కావడం కాకతాళీయమే. నచ్చని రాతను ప్రభుత్వం తుడిచిపెట్టే లోకం గురించి రాసిన నవల, చదువుతున్నవాళ్ల చేతిలోంచే తుడిచిపెట్టుకుపోయింది. పుస్తకంతో పాటు తాను రాసుకున్న నోట్సుకు అర్థం లేకుండా పోయిందని ఓ హైస్కూలు విద్యార్థి కోర్టుకెక్కాడు. చేసింది తెలివితక్కువ పని అని జెఫ్ బెజోస్ బహిరంగంగా క్షమాపణ చెప్పాడు.

అది ఒక్కసారి జరిగిన పొరపాటని సరిపెట్టుకోవడానికి లేదు. 2019లో మైక్రోసాఫ్ట్ తన ఈ-పుస్తకాల దుకాణం మూసేసినప్పుడు, అక్కడ కొన్న పుస్తకాలన్నీ తెరుచుకోవడం మానేశాయి. అప్పుడూ డబ్బు తిరిగిచ్చారు. ఇంటి దీపాలనూ తాళాలనూ ఫోన్‌తో నడిపే రివాల్వ్ అనే పరికరం 2016 మేలో కంపెనీ సర్వర్ ఆగిపోగానే బొమ్మలా మిగిలింది. ఈ మార్పు భాషలోకీ వచ్చింది. డిజిటల్ సరుకు అమ్మేటప్పుడు, దక్కేది లైసెన్సు మాత్రమేనని స్పష్టంగా చెప్పకుండా ‘కొనండి’ అన్న మాట వాడకూడదంటూ కాలిఫోర్నియా చట్టం చేసింది. అది 2025 జనవరి 1 నుంచి అమల్లో ఉంది.

ఈ కథకు తొలి అధ్యాయం ఓ ప్రింటర్‌తో మొదలవుతుంది. 1980 ప్రాంతంలో అమెరికాలోని ఎంఐటీ కృత్రిమ మేధ ప్రయోగశాలకు జిరాక్స్ కంపెనీ ఓ లేజర్ ప్రింటర్ ఇచ్చింది. వేగంగా అచ్చేస్తుంది, కానీ కాగితం ఇరుక్కుంటుంది. ప్రింటర్ వేరే అంతస్తులో ఉండటంతో ఇరుక్కున్న సంగతి ఎవరికీ తెలియదు. గంట తర్వాత వెళ్లిన మనిషికి సగంలో ఆగిన పని కనిపిస్తుంది. అక్కడ ప్రోగ్రామర్‌గా ఉన్న రిచర్డ్ స్టాల్‌మన్ పాత ప్రింటర్‌కు ఇలాంటి బాధే ఉంటే, దాని ప్రోగ్రాంలో నాలుగు మాటలు చేర్చి, కాగితం ఇరుక్కోగానే వరుసలో ఉన్నవాళ్లందరి తెరల మీదా కబురు వచ్చేలా చేశాడు. కొత్తదానికీ అదే చేద్దామంటే కంపెనీ సోర్స్ కోడ్ ఇవ్వలేదు. కార్నెగీ మెలన్ యూనివర్సిటీలో ఒకరి దగ్గర ఉందని తెలిసి వెళ్లి అడిగితే, ఎవరికీ ఇవ్వనని మాటిచ్చానంటూ ఆయన కుదరదన్నాడు. ఇబ్బందిని తీర్చడం చేతనైన మనిషి, తీర్చడానికి అనుమతి లేక నిలబడిపోయాడు.

సోర్స్ కోడ్ అంటే మనుషులు చదవగలిగే రూపంలో ఉన్న ప్రోగ్రాం. కంపెనీలు సాధారణంగా ఇచ్చేది యంత్రానికి మాత్రమే అర్థమయ్యే రూపం. దర్జీ దగ్గర కుట్టించిన జాకెట్‌కు, కొన్నిచోట్ల దొరికే రెడీమేడ్ జాకెట్‌కు ఉన్న తేడా లాంటిది ఇది. తెలిసిన దర్జీ పక్క కుట్టుల్లో కాస్త గుడ్డ వదిలి కుడతాడు. రెండేళ్లకు ఒళ్లు వస్తే కుట్టు విప్పి వదులు చేసుకోవచ్చు. అదే దర్జీ దగ్గరకు పోనక్కర్లేదు, సూది పట్టడం వచ్చిన ఎవరైనా చాలు. అంచుకు కోసి కుట్టినదైతే బిగుతైన రోజున బీరువాలో అడుగుకు చేరుతుంది.

1983 సెప్టెంబరులో స్టాల్‌మన్ ‘గ్నూ’ అనే ప్రాజెక్టు ప్రకటించాడు. ఎవరైనా వాడుకోవచ్చు, కోడ్ చదవొచ్చు, మార్చొచ్చు, మార్చినదాన్ని పంచొచ్చు. ఇలాంటి ప్రోగ్రాములతోనే మొత్తం కంప్యూటర్ నడవాలన్నది లక్ష్యం. 1991 ఆగస్టులో ఫిన్లండ్‌లో 21 ఏళ్ల విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్, తాను సరదాకి ఓ ఆపరేటింగ్ సిస్టం రాస్తున్నానని లోకానికి చెప్పాడు. అదే లైనక్స్. ఈ రెండూ కలిశాక దారి తెరుచుకుంది. ‘ఓపెన్ సోర్స్’ అన్న పేరు 1998లో పుట్టింది. ఇవాళ ప్రపంచంలో అత్యంత శక్తిమంతమైన 500 సూపర్ కంప్యూటర్లూ లైనక్స్ మీదే నడుస్తున్నాయి. మన జేబుల్లోని ఆండ్రాయిడ్ ఫోన్ల గుండెకాయా అదే.

‘‘కోడ్ చేతికిచ్చినా మనకేం అర్థమవుతుంది? మనకెందుకా గోల?’’

ఓపెన్ సోర్స్ మాటెత్తితే చాలామంది నోట వచ్చే మొదటి మాట ఇది. న్యాయమైన సందేహమే. అయితే మోటారు వైండింగ్ కూడా రైతుకు రాదు. ఊళ్లో వైండింగ్ షాపు ఉంటే చాలు. అక్కడ ధర ఎక్కువ చెబితే పక్క మండలంలో ఇంకోటి ఉంటుంది. కోడ్ తెరిచి ఉండటం వల్ల ప్రోగ్రామరు కాని మనిషికి దక్కేదీ ఇదే: ఒక్క గుమ్మం ముందే నిలబడాల్సిన అవసరం ఉండదు.

వీఎల్‌సీ ప్లేయర్ మన ఇళ్లలో ఇందుకు ఉదాహరణ. పెన్‌డ్రైవ్‌లో ఏ రకం సినిమా ఫైలు వేసి ఇచ్చినా ఆడించే ఆ నారింజరంగు ట్రాఫిక్ కోన్ తెలియని కంప్యూటర్ తక్కువ. పారిస్‌లో ఓ ఇంజినీరింగ్ కాలేజీ విద్యార్థులు 1996లో మొదలుపెట్టారు, 2001లో కోడ్ అందరికీ తెరిచారు. 2022 ఫిబ్రవరి నుంచి దాని వెబ్‌సైటు భారత్‌లో తెరుచుకోలేదు. ఈ నిషేధానికి కారణం చెప్పాలంటూ ప్లేయర్‌ను నడిపే సంస్థ అక్టోబరులో ప్రభుత్వానికి లీగల్ నోటీసు పంపింది. నవంబరులో సైటు మళ్లీ తెరుచుకుంది. ఆ తొమ్మిది నెలలూ అప్పటికే కంప్యూటర్లలో ఉన్న ప్లేయర్లు యథాతథంగా సినిమాలు ఆడించాయి. వాటికి ఏ సర్వర్‌నూ అనుమతి అడగాల్సిన పని లేదు కాబట్టి.

తెలుగువాళ్లకు ఇంకా దగ్గరి ఉదాహరణ అక్షరాలే. పుస్తకాలు అచ్చువేసే డీటీపీ సెంటర్లలో ఏళ్ల తరబడి అను లాంటి ఫాంట్లలో పేజ్‌మేకర్ మీద పనిచేశారు, ఇప్పటికీ చేస్తున్న చోట్లున్నాయి. ఆ ఫైలును అదే ఫాంటు లేని కంప్యూటర్‌లో తెరిస్తే తెలుగు బదులు ఇంగ్లిష్ అక్షరాల, గుర్తుల కలగూరగంప కనిపిస్తుంది. నవల రాసింది రచయితే, టైపు చేయించిందీ ఆయన డబ్బుతోనే. కానీ ఫ్లాపీలోనో సీడీలోనో ఉన్న తన వాక్యాన్ని చదవాలంటే ఇంకొకరి సాఫ్ట్‌వేర్ ఉండి తీరాలి.

ఈ ముడి విప్పింది యూనికోడ్, దాని మీద స్వేచ్ఛగా పంచిన ఫాంట్లు. తిరుమల కృష్ణ దేశికాచార్యులు తయారుచేసిన పోతన, వేమన ఫాంట్లు ఎవరైనా వాడుకునేలా, మార్చుకునేలా విడుదలయ్యాయి. సిలికానాంధ్ర పూనికతో మండలి, రామభద్ర, గిడుగు, గురజాడ, సురవరం లాంటివి ఓపెన్ లైసెన్సుతో వచ్చాయి. గూగుల్ ఫాంట్స్‌లోనూ ఉన్నాయి. ఇంగ్లిష్ కీబోర్డు మీద తెలుగు రాయించిన ‘లేఖిని’ని బ్లాగర్ల తరం మరచిపోలేదు. హైదరాబాద్‌లో ‘స్వేచ్ఛ’ సంస్థ కాలేజీ విద్యార్థులను పోగేసి లైనక్స్‌నే తెలుగులోకి తెచ్చింది. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియా నడిచేదీ ఓపెన్ సోర్స్ మీదే. పెళ్లి శుభలేఖ నుంచి ఫ్లెక్సీ దాకా ఈ ఫాంట్లు వాడేవాళ్లలో చాలామందికి ఓపెన్ సోర్స్ అన్న మాటే తెలియకపోవచ్చు.

కంపెనీల వాదన కూడా కొట్టిపారేసేది కాదు. నకిలీ బ్యాటరీ ఉబ్బి పేలితే పేరు పోయేది తమదే అంటారు. విడిభాగాలను ఫోన్‌కు ముడివేస్తే దొంగిలించిన ఫోన్లను ముక్కలుగా అమ్ముకోవడం కష్టమవుతుందంటారు. నీళ్లు చొరబడని ఫోన్ కావాలంటే జిగురుతో అతికించక తప్పదంటారు. ‘‘అవన్నీ వాళ్లు చూసుకుంటారు, మనకు పని అవ్వాలి’’ అనుకునే కొనుగోలుదారులూ తక్కువ లేరు. ఎలాగూ రెండు మూడేళ్లకు ఫోన్ మార్చేవాళ్లకు మరమ్మతు హక్కు పెద్ద విషయంగా తోచదు.

అన్నీ కంపెనీలే చూసుకుంటాయన్న నమ్మకానికి 2017 డిసెంబరులో ఓ దెబ్బ తగిలింది. పాత ఐఫోన్లు నెమ్మదించడానికి అప్‌డేటే కారణమని ఆపిల్ ఒప్పుకుంది. అరిగిన బ్యాటరీతో ఫోన్ ఉన్నట్టుండి ఆగిపోకుండా వేగం తగ్గించామని కంపెనీ వివరణ. సాంకేతికంగా అది సబబైన కారణమే. కాకపోతే ఆ ముక్క ఫోన్ యజమానికి చెప్పలేదు. బ్యాటరీ మారిస్తే సరిపోయేదానికి ఫోనే మార్చేసినవాళ్లు కోర్టులకెక్కారు. బ్యాటరీ మార్పిడి ధరను కంపెనీ 79 డాలర్ల నుంచి 29కి తగ్గించింది. 2020లో 50 కోట్ల డాలర్ల దాకా చెల్లించే రాజీకి వచ్చింది.

అలాగని ఓపెన్ సోర్స్ అంటే అమృతమూ కాదు. 2024 మార్చిలో ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీరు తన కంప్యూటర్‌లో లాగిన్‌కు అర సెకను ఎక్కువ పడుతోందేమిటని తవ్వుకుంటూ పోతే, ఎక్స్‌జెడ్ అనే చిన్న ప్రోగ్రాంలో దొడ్డిదారి బయటపడింది. ప్రపంచమంతా వాడే ఆ ప్రోగ్రాంను చాలాకాలం చూసుకున్నది జీతంలేని ఒక్క మనిషి. సాయం చేస్తానంటూ చేరి, రెండేళ్లకు పైగా నమ్మకం సంపాదించిన మారుపేరు వ్యక్తి ఆ దొడ్డిదారి పెట్టాడు. కోడ్ తెరిచి ఉంది కాబట్టి దొరికిందనీ అనొచ్చు, కాపలా లేదు కాబట్టి చొరబడ్డాడనీ అనొచ్చు. రెండూ నిజమే.

ఆండ్రాయిడ్ కథా అంతే. అడుగున కోడ్ అందరిదీ. పైన ప్లే స్టోర్, మ్యాప్స్ లాంటివి గూగుల్‌వి. వాటిని ఫోన్ కంపెనీలకు ఇచ్చేటప్పుడు పెట్టిన షరతులు పోటీకి అడ్డమంటూ మన కాంపిటీషన్ కమిషన్ 2022 అక్టోబరులో గూగుల్‌కు 1,337.76 కోట్ల రూపాయల జరిమానా వేసింది. తర్వాతి మార్చిలో అప్పీలు ట్రిబ్యునల్ కొన్ని ఆదేశాలను పక్కనపెట్టినా జరిమానాను మాత్రం సమర్థించింది.

అదే కమిషన్ అంతకు ఎనిమిదేళ్ల ముందు, 2014 ఆగస్టులో ఇచ్చిన మరో తీర్పు మెకానిక్కులకు సంబంధించింది. విడిభాగాలనూ, మరమ్మతు పరికరాలనూ బయటి గ్యారేజీలకు అందకుండా చేస్తున్నారని 14 కార్ల కంపెనీలకు 2,500 కోట్ల రూపాయలకు పైగా జరిమానా పడింది. అప్పీలుకు వెళ్లిన కొన్నింటికి తర్వాత తగ్గింది. మరమ్మతు హక్కు అన్న పేరు మన పత్రికల్లో నలగక ముందే మన దేశంలో వచ్చిన తీర్పు ఇది.

ఇదే తగవు అమెరికా పొలాల్లో ఇంకా పచ్చిగా ఉంది. జాన్ డీర్ ట్రాక్టర్, హార్వెస్టర్ ఆగిపోతే లోపం ఏమిటో తేల్చే పూర్తి సాఫ్ట్‌వేర్ డీలర్ల దగ్గరే ఉంటుందన్నది రైతుల ఫిర్యాదు. పంట కోతకొచ్చి వాన ముంచుకొస్తుంటే డీలర్ మనిషి కోసం ఎదురుచూడాలి. కొలరాడో రాష్ట్రం వ్యవసాయ యంత్రాల మరమ్మతు హక్కు చట్టం తెచ్చింది. 2024 మొదటి రోజు నుంచి అమల్లో ఉంది. 2025 జనవరిలో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ జాన్ డీర్ మీద దావా వేసింది.

ఫోన్ల విషయంలో ఐరోపా ముందుంది. ఫ్రాన్స్ 2021లోనే ఫోన్లకూ లాప్‌టాప్‌లకూ మరమ్మతు సులువును బట్టి పదికి ఇన్ని అని మార్కులు వేయించడం మొదలుపెట్టింది. 2025 జూన్ 20 తర్వాత ఐరోపా సంఘం మార్కెట్లోకి వచ్చే ఫోన్‌కు, ఆ మోడల్ అమ్మకాలు ఆపిన నాటి నుంచి కనీసం ఐదేళ్లు అప్‌డేట్లు, ఏడేళ్లు విడిభాగాలు ఇవ్వాలి. బ్యాటరీ 800 సార్లు చార్జ్ చేశాక కూడా 80 శాతం సామర్థ్యం నిలుపుకోవాలి. మన కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 జులైలో కమిటీ వేసి, ఆ డిసెంబరులో మరమ్మతు హక్కు పోర్టల్ తెరిచింది. ఫ్రాన్స్ తరహా మార్కుల పద్ధతిపై మరో కమిటీ 2025 మేలో నివేదిక ఇచ్చింది.

ఇంట్లో అటక మీద చూస్తే ఈ చర్చంతా దుమ్ముపట్టి కనిపిస్తుంది. ఫోన్ నంబరును ఏ కంపెనీకైనా మార్చుకునే వీలు 2011 జనవరి నుంచి దేశమంతా ఉంది. టీవీ సెట్‌టాప్ బాక్సు సంగతి వేరు. ఆపరేటర్‌ను మారిస్తే డబ్బిచ్చి కొన్న పాత బాక్సు అటకెక్కాల్సిందే. ఏ ఆపరేటర్‌కైనా పనికొచ్చేలా బాక్సులు ఉండాలని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2020 ఏప్రిల్‌లోనే సిఫార్సు చేసింది.

అటక మీదకు లాప్‌టాప్‌లూ చేరుతున్నాయి. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మామూలు అప్‌డేట్లు ఆగిపోయాయి. విండోస్ 11 కావాలంటే ప్రాసెసర్ కొత్తదై ఉండాలి, టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ ఉండాలి. ఎనిమిది, తొమ్మిదేళ్ల కిందటి లాప్‌టాప్‌లలో చాలావాటికి ఆ యోగ్యత లేదు. ర్యామ్ పెంచి, పాత హార్డ్ డిస్కు తీసి ఎస్‌ఎస్‌డీ వేసి, లైనక్స్ మింటో ఉబుంటూనో ఎక్కిస్తే అవే లాప్‌టాప్‌లు పిల్లల చదువుకూ, యూట్యూబ్‌కూ, ఉత్తరాలు టైపు చేయడానికీ చక్కగా పనికొస్తాయి. ఇబ్బంది ఎక్కడంటే, కొట్లో టాలీ మీద లెక్కలు రాసేవాళ్లకూ, అను, పేజ్‌మేకర్ మీద బతికే డీటీపీ ఆపరేటర్‌కూ విండోస్ వదలడం కుదరదు. అలవాటు కన్నా పొట్టకూటి లెక్క బలమైంది.

కొనేముందు అడగాల్సినవి కొన్ని ఉన్నాయి. ఈ ఫోన్‌కు అప్‌డేట్లు ఎన్నేళ్లు? బ్యాటరీ, డిస్‌ప్లే మార్చాలంటే ఎంత? ఇంటర్నెట్ లేకపోతే ఈ పరికరం ఏ మేరకు పనిచేస్తుంది? ఫొటోలు, ఫైళ్లు వేరే కంపెనీ పరికరంలోకి తీసుకెళ్లొచ్చా? కెమెరా ఎన్ని మెగాపిక్సెళ్లో గడగడా చెప్పే సేల్స్ కుర్రాళ్లు ఈ ప్రశ్నలకు సాధారణంగా తడుముకుంటారు. నాలుగైదు సార్లు ఎదురైతే వాళ్లూ నేర్చుకుంటారు.

మళ్లీ జగదీశ్ మార్కెట్ కౌంటర్. వేడిగాలి గన్ను ఆగింది. పాత డిస్‌ప్లే మీది ఐసీ కొత్తదాని మీదకు చేరింది. మైక్రోస్కోపులోంచి తల ఎత్తి మెకానిక్ ఫోన్ ఆన్ చేశాడు. ఈసారి హెచ్చరిక రాలేదు. తనకు పుట్టుకతో వచ్చిన స్క్రీనే ఇదని ఫోన్ నమ్మింది.

‘‘రేపు అప్‌డేట్ వస్తే మల్ల వస్తదా అన్నా మెసేజ్?’’

ట్వీజర్‌ను గుడ్డతో తుడుస్తూ మెకానిక్ భుజాలు ఎగరేశాడు. ‘‘అది నా చేతుల లేదు, నీ చేతుల లేదు. వస్తే మల్ల రా, చూద్దాం.’’